నరానికి బ్లాక్ ఇంజెక్షన్ స్కానింగ్ చూడకుండా వేస్తామంటే: ఒప్పుకోవాలో వద్దో ఎలా తేల్చుకోవాలి

తెలుగులో నరం అన్న మాటతోనే మొదటి చిక్కు. సెలైన్ ఎక్కించేది నరానికి అంటాం, అది సిర. పొద్దున లేచేసరికి మెడ తిరగకపోతే నరం పట్టేసింది అంటాం. చాలాసార్లు పట్టేసింది కండ. మడమ వెనక తాడులా తగిలేదాన్నీ నరమే అంటాం. అది కండను ఎముకకు కట్టి ఉంచే బంధం. బీ12 సూదులకు నరాల ఇంజెక్షన్లని పేరు. అవి వేసేది కండకు. అందుకే "నరానికి ఇంజెక్షన్ వేస్తే తగ్గిపోతుందన్నారు" అని ఓపీ నుంచి ఇంటికొచ్చి చెప్పే మనిషికి ఆ సూది ఎక్కడ పడబోతోందో తరచూ తెలియదు. అది తెలియనిదే స్కానింగ్ కావాలా అక్కర్లేదా అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

ఇక్కడి నుంచి నరం అంటే స్పర్శను, నొప్పిని మెదడుకు మోసే తీగ మాత్రమే. నెర్వ్ బ్లాక్ అంటే ఆ తీగ పక్కన మత్తుమందు వేసి, అది మోసే కబురును కొంతసేపు ఆపడం. వాడేవి లిగ్నోకెయిన్, బుపివకెయిన్, రోపివకెయిన్. కొన్నిసార్లు వాటితో కలిపి స్టెరాయిడ్. మందు నరం పక్కన పడాలి, నరంలో పడకూడదు. సూది మొన ఎక్కడుందో చూపించే సాధనాలు ముఖ్యంగా రెండు: అల్ట్రాసౌండ్, అంటే మనం మామూలుగా స్కానింగ్ అనేది, ఇంకోటి సీ-ఆర్మ్, అంటే ఆపరేషన్ థియేటర్లో కదిలే ఎక్స్-రే. ఈ రెండూ లేకుండా ఎముక గుర్తుల్ని వేలితో తడిమి వేసేదాన్ని డాక్టర్లు బ్లైండ్ బ్లాక్ అంటారు. పేరు విని భయపడనక్కర్లేదు. పన్ను తీసే ముందు దవడ మొద్దుబారడానికి వేసే సూది అలాంటిదే, సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే మత్తు కూడా దాదాపు ఎప్పుడూ అలా చేత్తో తడిమి ఇచ్చేదే.

1. ఏ నరానికి, ఏ వైపు, ఎందుకు: చీటీ మీద రాయించుకోండి

"డాక్టర్ గారూ, ఏ నరానికి వేస్తున్నారో పేరు రాసిస్తారా?" అని అడగండి. ఇందులో మర్యాద తప్పేదేమీ లేదు. రోజూ ఈ పని చేసే డాక్టరు రెండు నిమిషాల్లో రాసిస్తారు, వీలైతే బొమ్మ కూడా గీస్తారు. "నడుముకు ఇంజెక్షన్" అని రాసి ఊరుకుంటే మళ్లీ అడగండి. ఒక్క నడుములోనే కండలోకి వేసే సూది, వెన్నుపూసల మధ్య కీలుకు పోయే సన్నని నరానికి వేసేది, వెన్నుపాము పొర బయట వేసే ఎపిడ్యూరల్, కాలికి దిగే నరం వేరు దగ్గర వేసేది, ఇన్ని రకాలున్నాయి. వీటి ప్రమాదాలు ఒకదానికొకటి పోలికే లేనివి.

ఎందుకన్నది ఇంకా ముఖ్యం. నొప్పి తగ్గించడానికి వేసే బ్లాక్ వేరు, నొప్పి ఎక్కడి నుంచి పుడుతోందో తేల్చడానికి వేసేది వేరు. రెండోదాంట్లో సూది చేసే పని పరీక్ష. ఉదాహరణకు నడుము కీళ్ల నరాలకు ఒక్కో చోట 0.3 నుంచి 0.5 మి.లీ. మందే వేస్తారు. ఆ కొద్ది మందు వేసిన చోటే నిలిచి, నొప్పి తగ్గితే ఆ కీలే కారణమని తేలుతుంది. అదే 5 మి.లీ. అందాజుగా వేస్తే చుట్టుపక్కల కండలన్నీ మొద్దుబారి, నొప్పి తగ్గినా దేనివల్ల తగ్గిందో చెప్పలేం. ఆ తప్పు జవాబును నమ్మి తర్వాత నరాన్ని వేడితో కాల్చే రేడియోఫ్రీక్వెన్సీ దాకా వెళ్తారు. కాబట్టి "చూద్దాం, ఇదేనేమో తేలుతుంది" అని వేసే బ్లాక్ లోతైన నరానికైతే, చిత్రం చూడకుండా వేయించుకోవడం దండగ. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇంకో మాట. కాలో చెయ్యో రోజురోజుకీ బలం తగ్గుతోందా? మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే మూత్రం కారిపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం మొదలైందా? జ్వరంతో నడుంనొప్పి వస్తోందా? అప్పుడు బ్లాక్ సంగతి పక్కనపెట్టి అదేరోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. మత్తుమందు ఆ లక్షణాల్ని కప్పిపెడుతుంది.

2. సూది ఒక సెంటీమీటరు తప్పితే ఎక్కడికి పోతుందో అడగండి

నిర్ణయం అంతా ఈ ప్రశ్న మీదే ఉంది. యంత్రం ఉందా లేదా అన్నది దీని తర్వాతే. నరం చర్మానికి దగ్గరగా ఉండి, పక్కన తగిలేది ఎముకో కొవ్వో అయితే, తప్పిన సూది మహా అయితే పని చేయదు. నరం లోతుగా ఉండి, పక్కన ఊపిరితిత్తి, మెదడుకు పోయే ధమని, వెన్నుపాము ఉంటే, తప్పిన సూదికి మనిషి మూల్యం చెల్లిస్తాడు.

చేత్తో వేసినా ఒప్పుకోదగినవాటిలో మంచి ఉదాహరణ తల వెనక వేసే గ్రేటర్ ఆక్సిపిటల్ బ్లాక్. మెడ నుంచి నడినెత్తికి పాకే నొప్పికి, కొన్ని రకాల మైగ్రేన్‌కు వేస్తారు. ఎలా వేస్తారో తెలిస్తే మీ ముందు జరిగేది సరిగ్గా ఉందో లేదో మీకే తెలుస్తుంది. మిమ్మల్ని బల్ల మీదికి వంగి కూర్చోబెడతారు. పుర్రె వెనక మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక ఒకటి, చెవి వెనక గుండ్రటి ఎముక ఒకటి; వీటి మధ్య గీత గీస్తే, ఉబ్బెత్తు ఎముక నుంచి మూడో వంతు దూరంలో నరం ఉంటుంది. అక్కడే ధమని కొట్టుకోవడం వేలికి తగులుతుంది. నరం దానికి లోపలి వైపున ఉంటుంది. చాలామందికి అక్కడ నొక్కితే వాళ్ల మామూలు నొప్పే లేస్తుంది. వెంట్రుకలు పాయతీసి, స్పిరిట్‌తో తుడిచి, సన్నని సూదిని ఎముక తగిలే దాకా దించి, కొద్దిగా వెనక్కి లాగి, సిరంజి వెనక్కి గుంజి రక్తం రాలేదని చూసి, 2 నుంచి 3 మి.లీ. మెల్లగా వదులుతారు. తర్వాత గాజుగుడ్డతో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. పది పదిహేను నిమిషాల్లో తల వెనక నుంచి నడినెత్తి దాకా తిమ్మిరెక్కాలి. ఎక్కితే మందు సరైన చోట పడినట్టు. ఇక్కడ ఎముకే అడ్డుగోడ, సూది లోపలికి పోదు. అందుకే స్కానింగ్ లేకపోయినా ఫర్వాలేదు. కానీ తల వెనక ఇదివరకు ఆపరేషన్ అయి ఎముక తీసినవాళ్లకు ఆ అడ్డుగోడ ఉండదు; వాళ్లు చేత్తో వేసే ఈ బ్లాక్‌కు ఒప్పుకోకూడదు. ఇందులో స్టెరాయిడ్ కలిపితే కొందరికి అక్కడ చర్మం పల్చబడి రూపాయి బిళ్లంత మేర జుట్టు రాలుతుంది. అది ముందే చెప్పారో లేదో చూసుకోండి.

కనుబొమ్మ మీది నరానికి, వేలి మొదట్లో రెండు వైపులా, పంటికి వేసే బ్లాకులు కూడా ఈ కోవలోవే. మణికట్టు దగ్గర నరం నలిగే కార్పల్ టనెల్ జబ్బుకు వేసేది కూడా చాలాచోట్ల చేత్తోనే వేస్తారు. అందులో ఒక జాగ్రత్త ఉంది: సూది దించుతుంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలిలోకి షాక్ కొట్టినట్టు అనిపిస్తే సూది నరానికి తగిలినట్టే. వెంటనే చెప్పండి. డాక్టరు సూది వెనక్కి తీయాలి, అలాగే మందు తోసేయకూడదు. మోకాలి కీలులోకి వేసే ఇంజెక్షన్ అసలు నెర్వ్ బ్లాకే కాదు. దాన్ని కూడా చేత్తో వేయవచ్చు.

ఇటూ అటూ కానివి కొన్ని ఉన్నాయి. భుజం బిగుసుకుపోయిన షుగర్ పేషెంట్లకు వెనక నుంచి వేసే సుప్రాస్కాపులర్ బ్లాక్‌ను భుజం ఫలక మీద సూది ఆగేలా వేసే పద్ధతి ఉంది. చెయ్యి తిరిగిన డాక్టరైతే ఒప్పుకోవచ్చు. తొడ బయటివైపు మంట, మొద్దుతనానికి వేసే బ్లాక్‌లో ప్రాణభయం లేదు, కానీ ఆ నరం ఒక్కొక్కరిలో ఒక్కో చోట దిగుతుంది. అందాజుగా ఎక్కువ మందు వేస్తే పక్కనున్న తొడ నరానికి పాకి, లేచి నిలబడగానే మోకాలు మడత పడి కింద పడతారు. మోకాలి చుట్టూ ఉండే జెనిక్యులర్ నరాల విషయంలోనూ పెద్ద భయం గురి తప్పడమే.

పక్కటెముకల మధ్య వేసే బ్లాక్‌కు మాత్రం స్కానింగ్ అడగండి. ఎముక కింది అంచు దాటాక సూది కదలాల్సింది 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఊపిరితిత్తి పొర కూడా మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. పైగా అక్కడ మత్తుమందు రక్తంలోకి మిగతా చోట్లకంటే త్వరగా చేరుతుంది. సర్పి తగ్గాక మిగిలే నొప్పికి నాలుగైదు పక్కటెముకల దగ్గర వేస్తామంటే ఈ రెండు ప్రమాదాలూ నాలుగైదు రెట్లు పెరుగుతాయి.

ఇక చిత్రం లేకుండా ఒప్పుకోకూడనివి. మెడలో నరం వేరుకు వేసేది, మెడ ముందువైపు స్టెల్లేట్ గాంగ్లియన్ బ్లాక్, వెన్నుపూస పక్క రంధ్రం గుండా వేసే ట్రాన్స్‌ఫొరామినల్ ఇంజెక్షన్, వెన్నుకీళ్ల నరాలు, ముఖం నొప్పికి పుర్రె అడుగు నుంచి లోపలికి వేసేది, క్యాన్సర్ కడుపునొప్పికి వేసే సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని సూది దారిలోనే ఉంటుంది. అందులోకి అర మి.లీ. మత్తుమందు పోయినా అక్కడికక్కడే ఫిట్స్ రావచ్చు. స్టెరాయిడ్ పోతే ఇంకా ఘోరం. ట్రయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్ సీసాను ఊపి చూడండి, పాలలా తెల్లగా ఉంటుంది. అది కరగని రేణువుల రంగు. ఆ రేణువులు వెన్నుపాముకో మెదడుకో పోయే సన్నని ధమనిలో అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. డెక్సామెథసోన్ నీళ్లలా తేటగా ఉంటుంది. ఎపిడ్యూరల్‌గా వేసే స్టెరాయిడ్ల వల్ల అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవిస్తాయని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2014 ఏప్రిల్‌లో హెచ్చరించింది. మెడ రంధ్రం గుండా వేసేటప్పుడు తెల్ల స్టెరాయిడ్ వాడకూడదన్నది నొప్పి వైద్యులు ఒప్పుకున్న నియమం.

నడుముకు వేసే మామూలు ఎపిడ్యూరల్ సంగతి చాలామంది అడుగుతారు. ప్రసవ నొప్పులకు చేత్తోనే వేస్తారు కదా అంటారు. నిజమే, అక్కడ సన్నని గొట్టం పెట్టి, నొప్పి తగ్గిందో లేదో చూస్తూ మందు సర్దుతారు. డిస్క్ నొప్పికి వేసేది ఒకే మోతాదు, ఒకే చోట పడాలి. తోకెముక దగ్గరి నుంచి చేత్తో వేసిన ఎపిడ్యూరళ్లను తర్వాత డైతో, అంటే ఎక్స్-రేలో కనబడే మందుతో పరీక్షిస్తే, అనుభవమున్న చేతుల్లో కూడా దాదాపు నాలుగింట ఒకటి తప్పు చోట పడిందని తేలింది. అలా తప్పితే స్టెరాయిడ్ ప్రభావం ఒళ్లంతా ఉంటుంది, నొప్పి చోట మాత్రం ఉండదు. అందుకే దీనికి సీ-ఆర్మ్ ఉన్న చోటికే వెళ్లమంటాం.

3. యంత్రం ఎందుకు లేదో తెలుసుకోండి

అల్ట్రాసౌండ్ లేని ప్రతి క్లినిక్ నిర్లక్ష్యం చేస్తోందని అనుకోకండి. మన దేశంలో 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ, దేనికి వాడినా సరే, అధికారుల దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఒకచోట రిజిస్టరైన యంత్రాన్ని చేతిలో పట్టుకుని ఇంకో క్లినిక్‌కు తీసుకెళ్లడం కుదరదు. ఆ చట్టం ఉండాల్సిందే. దాని వల్ల చిన్న నొప్పి క్లినిక్కులు కొన్ని యంత్రం జోలికి వెళ్లవు, అంతే.

దీన్నే మీరు పరీక్షగా వాడుకోవచ్చు. స్కానింగ్ యంత్రమున్న చోట రిజిస్ట్రేషన్ పత్రం కనిపించేలా పెట్టి, లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు తెలుగులో కూడా ఉంచాలి. "మా దగ్గర స్కానింగ్ ఉంది" అన్న చోట ఆ బోర్డు కనబడకపోతే ఇంకో ప్రశ్న వేయండి.

"ఈ బ్లాక్‌కు స్కానింగ్ అక్కర్లేదు, ఎముక మీద వేస్తాం కాబట్టి" అన్నది మంచి జవాబు. "నా దగ్గర లేదు, మీకు లోతుగా వేయాలి, ఫలానా చోటికి రాసిస్తాను" అన్నది అంతకంటే మంచి జవాబు. "ఇరవై ఏళ్లుగా వేస్తున్నాం, ఏం కాలేదు" అన్నది జవాబు కాదు. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఆపరేషన్లకు మత్తిచ్చే విభాగాలు ఉన్నాయి. లోతైన బ్లాకులకు అక్కడ అడిగి చూడండి. కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్తే సీ-ఆర్మ్‌కు, థియేటర్‌కు, మందుకు విడివిడిగా ఎంతో ముందే రాయించుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే డే-కేర్ కింద వస్తుందో లేదో అదే రోజు అడగండి.

మూడో దారి కూడా ఒకటుంది. చెయ్యి, కాలి ఆపరేషన్లకు మత్తు ఇచ్చేటప్పుడు నెర్వ్ స్టిమ్యులేటర్ వాడతారు. సూది మొన నుంచి చిన్న కరెంటు పంపితే నరం దగ్గరపడే కొద్దీ వేళ్లో పాదమో టకటకా కదులుతాయి. 0.5 మిల్లీ ఆంపియర్ దగ్గర కదలిక ఉంటే దగ్గరున్నట్టు, 0.2 కంటే తగ్గించినా ఇంకా కదులుతుంటే మరీ దగ్గరైనట్టు, సూది వెనక్కి తీయాలి. ఇది పనికొచ్చే పద్ధతే, కానీ రక్తనాళాన్ని, ఊపిరితిత్తిని చూపించదు.

యంత్రం ఉండటం వేరు, వాడటం వేరు. అల్ట్రాసౌండ్‌తో ముందు ఒకసారి చూసి, పెన్నుతో గుర్తు పెట్టి, తర్వాత చేత్తో వేస్తే దాన్ని పూర్తిగా చూస్తూ వేసినట్టు అనలేం. సూది మొన, మందు పరుచుకోవడం రెండూ తెర మీద కనబడుతూ ఉండాలి. సీ-ఆర్మ్ ఎముకనే చూపిస్తుంది, నరాన్ని చూపించదు. అందుకే మందుకు ముందు కొద్దిగా డై వేసి, అది రక్తనాళంలో కొట్టుకుపోవడం లేదని చూడాలి. ఆ చిత్రం ప్రింటు అడిగి ఫైల్లో పెట్టుకోండి. మరీ లావుగా ఉన్నవాళ్లలో లోతైన నరాలు అల్ట్రాసౌండ్‌కు సరిగా అందవు. చూస్తూ వేస్తే రక్తనాళంలో సూది దిగడం, మందు విషంగా మారడం తగ్గుతాయని రుజువైంది. ఎక్కువకాలం నిలిచే నరం దెబ్బ తగ్గుతుందని మాత్రం ఇంకా తేలలేదు. ఆ దెబ్బ ఏ పద్ధతిలోనైనా అరుదు, సుమారు 10,000 బ్లాకుల్లో 2 నుంచి 4. కాబట్టి తెర ఉంది కదా అని చేతిని అడగడం మానకండి. "ఈ బ్లాక్ మీరు నెలకు ఎన్ని వేస్తారు?" అన్న ప్రశ్న రెండు చోట్లా వేయాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేని ఆర్‌ఎంపీల దగ్గర ఏ రకం బ్లాకూ వద్దు.

4. మీ ఒంటి సంగతులు దాచకండి

రక్తం పల్చబడే మాత్రలు మొదట చెప్పండి. లోతైన బ్లాకులకు, వెన్ను దగ్గర వేసేవాటికి మామూలుగా క్లోపిడోగ్రెల్ 7 రోజులు, టికాగ్రెలార్ 5 రోజులు, వార్ఫరిన్ 5 రోజులు ఆపి, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చూస్తారు. రివరోక్సబాన్, అపిక్సబాన్ 3 రోజులు ఆపుతారు. మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి. స్టెంటు వేయించుకున్నవాళ్లు మాత్ర ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. గుండె డాక్టరు చీటీ ఇస్తేనే ఆపాలి. తల వెనక, వేలి దగ్గర వేసే పైపై బ్లాకులకు గట్టిగా నొక్కి రక్తం ఆపే వీలుంది కాబట్టి చాలాసార్లు ఆపనక్కర్లేదు. చిత్రం లేకుండా వేసేటప్పుడు సూది ఎక్కువసార్లు గుచ్చాల్సి రావచ్చు, అందుకని ఈ లెక్క ఇంకా ముఖ్యం.

షుగర్ ఉంటే స్టెరాయిడ్ కలుపుతున్నారా అని అడగండి. కలిపితే కొన్ని రోజుల నుంచి వారం దాకా షుగర్ పైకి పోతుంది. ఆ వారం పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసుకుని, మాత్రలు మార్చాలో లేదో షుగర్ డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. పాదాల్లో ఇప్పటికే తిమ్మిర్లుంటే సూది తగిలినా షాక్ తెలియకపోవచ్చు, అది చెప్పండి. ఆయాసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు భుజం ఆపరేషన్ కోసం మెడ పక్కన వేసే ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ ప్రత్యేకంగా ప్రమాదం. 20 మి.లీ. వేస్తే ఆ వైపు ఊపిరి కండరం దాదాపు అందరిలోనూ కొన్ని గంటలు పడిపోతుంది. అల్ట్రాసౌండ్‌తో 5 మి.లీ.కి తగ్గిస్తే అది సుమారు సగంమందిలోనే జరుగుతుంది. సూది వేసే చోట కురుపు, చీము ఉంటే ఆ రోజు మానుకోవాలి. గర్భవతులు సీ-ఆర్మ్ గదిలోకి వెళ్లకముందే ఆ మాట చెప్పాలి.

5. మోతాదు లెక్క మీరే ఒకసారి వేయండి

లెక్క తేలిక. సీసా మీది శాతాన్ని పదితో గుణిస్తే ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందో వస్తుంది. 2 శాతం లిగ్నోకెయిన్ మి.లీ.కి 20 మి.గ్రా.; అర శాతం బుపివకెయిన్ మి.లీ.కి 5 మి.గ్రా. అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ కిలో బరువుకు 4.5 మి.గ్రా. దాటకూడదు, బుపివకెయిన్ 2 మి.గ్రా. లోపు ఉంచడం మంచిది. 60 కిలోల మనిషికి లిగ్నోకెయిన్ 270 మి.గ్రా., అంటే 2 శాతం మందు 13.5 మి.లీ. బుపివకెయిన్ 120 మి.గ్రా., అంటే అర శాతం మందు 24 మి.లీ. రెండూ కలిపితే రెండు హద్దులూ విడివిడిగా పనిచేయవు: లిగ్నోకెయిన్ సగం వాడితే బుపివకెయిన్ కూడా సగానికే ఆగాలి. రెండు వైపులా వేస్తే రెండూ కలిపి లెక్క. 45 కిలోల ముసలి తల్లికి హద్దు ఇంకా తక్కువ. ఆమె బరువు చూడకుండా మందు తీస్తుంటే ఆపి చెప్పండి.

చిత్రం లేని బ్లాకుల్లో గురి మీద నమ్మకం తక్కువైనప్పుడు ఆ లోటును మందు పెంచి పూడ్చాలన్న తొందర కలుగుతుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

6. గదిలోకి వెళ్లాక చుట్టూ చూడండి

తల వెనక 3 మి.లీ. వేయడానికి థియేటర్ అక్కర్లేదు. కానీ బీపీ చూసే మిషన్, వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్, ఆక్సిజన్, ఫిట్స్ ఆపే మందు, ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ ఉండాలి. పెద్ద మోతాదు బ్లాక్ అయితే ముందే చేతికి కాన్యులా పెట్టాలి, ఈసీజీ తెర మీద ఆడుతుండాలి, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ దగ్గర ఉండాలి. మత్తుమందు రక్తంలోకి పోయి గుండె లయ తప్పితే ఆ తెల్లటి కొవ్వు ద్రవమే విరుగుడు, కిలోకు 1.5 మి.లీ. చొప్పున మొదటి మోతాదు, 60 కిలోలకు 90 మి.లీ. "లిపిడ్ ఉందా సార్?" అని అడిగితే చాలు, ఆ ఒక్క ప్రశ్నతో అక్కడి సన్నద్ధత తెలిసిపోతుంది.

దేన్ని గమనిస్తున్నారన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి మన హైదరాబాద్‌కే ఒక చరిత్ర ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సాయంతో 1888లో, 1889లో బ్రిటిష్ డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఇక్కడ అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద విచారణ కమిషన్లు నడిపించి, మత్తిచ్చేటప్పుడు ఊపిరిని చూస్తే చాలు, నాడి చూడనక్కర్లేదని తేల్చాడు. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని 1911లో డాక్టర్ లెవీ ప్రయోగాలు చూపించాయి. ఊపిరి, గుండె రెండూ చూడాల్సిందేనన్న సంగతి అలా ఖరీదుగా తెలిసింది.

7. సూది దిగుతున్నప్పుడు మాట్లాడుతూ ఉండండి

నిద్రపోయేంత మత్తు అడగకండి. చిత్రం లేనప్పుడు సూది నరంలో ఉందో లేదో మొదట చెప్పగలిగేది మీరే. షాక్ కొట్టినట్టు, మందు తోస్తుంటే భరించలేని నొప్పి లేచినట్టు అనిపిస్తే వెంటనే ఆపమనాలి. నాలుక మొద్దుబారడం, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుండటం, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి కంగారు, ఇవి మందు రక్తంలోకి పోతున్న గుర్తులు. అమ్మకో నాన్నకో వేయిస్తుంటే ఇవి ముందే వాళ్ల మాటల్లో చెప్పి, ఏదైనా అనిపిస్తే సూది వేయని వైపు చెయ్యి లేపమని ఒప్పందం పెట్టుకోండి. చెవులు సరిగా వినిపించనివాళ్లకు ఇది తప్పనిసరి. డాక్టరు 3 నుంచి 5 మి.లీ.కి ఒకసారి ఆగి, సిరంజి వెనక్కి గుంజి చూస్తున్నారా అన్నది మీతో వచ్చినవాళ్లు గమనించవచ్చు. అయ్యాక కనీసం 30 నిమిషాలు అక్కడే కూర్చోండి.

8. పనిచేసిందో లేదో రాసి పెట్టండి

సూదికి ముందు నొప్పి పదికి ఎంతో రాయండి. తర్వాత 15 నిమిషాలకు, 30 నిమిషాలకు, ఆ పైన పడుకునే దాకా గంటగంటకూ రాయండి. ఎప్పుడూ నొప్పి లేపే పనే చేసి చూడాలి: వంగడం, మెట్లెక్కడం, తల తిప్పడం. మంచం మీద పడుకుని తగ్గిందనుకుంటే ఏమీ తేలదు. లిగ్నోకెయిన్ గంట రెండు గంటలు, బుపివకెయిన్ నాలుగు నుంచి ఎనిమిది గంటలో ఇంకా ఎక్కువో ఉంటుంది. స్టెరాయిడ్ గుణం తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

నరం ఏలే చోట తిమ్మిరి ఎక్కి, అయినా నొప్పి తగ్గకపోతే ఆ నొప్పికి ఆ నరం కారణం కాదు. తిమ్మిరే ఎక్కకపోతే మందు చోటు తప్పింది. ఈ రెండో సందర్భంలో "ఇంకోటి వేద్దాం" అని అదే పద్ధతిలో మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి. రెండోసారి చిత్రం చూస్తూనే వేయాలి. ముఖ్యంగా స్టెరాయిడ్ కలిపినవి ఏడాదిలో మూడు నాలుగు దాటనివ్వరు. గురి తప్పినవాటితో ఆ లెక్క కరిగిపోతుంది.

ఇంకా నిర్ణయించుకోలేకపోతే, "ఇంట్లో మాట్లాడుకుని వస్తాను డాక్టర్ గారూ" అని లేచి రండి. నెలల తరబడి ఉన్న నొప్పికి నాలుగు రోజుల ఆలస్యం వల్ల నష్టం లేదు.

9. ఇంటికెళ్లాక

ఆ రోజు బండి నడపకండి, ఎవరైనా తోడు ఉండాలి. కాలికి బ్లాక్ వేసుంటే మెట్రో మెట్లు వద్దు, ఆటోలో వెళ్లండి. చెయ్యి మొద్దుబారి ఉంటే గుడ్డతో మెడకు వేలాడదీసుకోండి. వేడి చాయ్ గ్లాసు, గీజరు నీళ్లు తగిలినా కాలుతున్నది తెలియదు. మెడ, భుజం, ఛాతీ దగ్గర వేసినవాళ్లకు ఊపిరితిత్తి దెబ్బ తగిలితే అది ఆ క్షణానే బయటపడకపోవచ్చు, 24 గంటల దాకా కూడా పట్టొచ్చు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి. విమాన ప్రయాణం ఉంటే వాయిదా వేసుకోండి.

24 గంటలు దాటినా బలహీనత తగ్గకపోయినా, లేచి నిలబడితే పగిలిపోయేలా తలనొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, వెన్ను నొప్పి గంటగంటకూ పెరుగుతూ కాళ్లు బరువెక్కినా, మూత్రం రాకపోయినా ఫోనులో సలహా కోసం ఆగకండి, క్యాజువాలిటీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు మొదటిరోజు రాయించుకున్న చీటీ చేతిలో ఉండాలి: బ్లాక్ పేరు, ఏ వైపు, ఏ మందు ఎన్ని మి.లీ., స్టెరాయిడ్ ఏది, ఎన్ని గంటలకు వేశారు. అక్కడి డ్యూటీ డాక్టరు మొదట అడిగేవి అవే.